ఎండ తిన్న తెలుపు

ఫొటో చేతికిచ్చే ముందు అబ్దుల్ వహాబ్ దాన్ని గుమ్మం దాకా తెచ్చి ఎండకు పట్టుకుంటాడు. కాగితం తళుక్కున తెల్లగా మెరుస్తుంది. "చూడండి, మల్లెపువ్వు," అంటాడు. ఏలూరులో స్టూడియో పెట్టిన నాటి నుంచి అదే అలవాటు.

ఆ రోజు కొల్లేటి లంక నుంచి సుందరమ్మ వచ్చింది. సంచిలోంచి పటం తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఉన్నది ఆమె కొడుకు ఏసుకుమార్. చేపల చెరువులో పడవ తిరగబడి పోయాడు. ఫోను కూడా వాడి జేబులోనే మునిగింది. మిగిలింది అంతకుముందు వహాబ్ తీసిన ఈ ఒక్క ఫొటోనే.

"మల్లెపువ్వన్నారు కదండీ సాయిబుగారూ. మావాడి చొక్కా చూడండి, మగ్గిన అరటిపండులా ఉంది."

నిజమే. చొక్కా పసుపు. వెనక గోడ పసుపు. నుదురు కూడా పసుపు.

"పటం ఎక్కడ పెట్టారమ్మా?"

"గుమ్మానికి ఎదురుగానండి. పొద్దున్నే చెరువు మీంచి ఎండ తిన్నగా వాడి ముఖం మీద పడుతుంది. ఆదివారం వాడి జ్ఞాపకార్థ కూడికండి. కొత్తది వేసివ్వండి."

అసలు ఫైలు లేదు. కంప్యూటర్ నిండినప్పుడల్లా పాతవి చెరిపేయడం వహాబ్ పద్ధతి. ఆ మాట ఆమెతో అనలేక, కాగితం ఎందుకు పసుపు తిరిగిందో అడగడానికి తాడేపల్లిగూడెంలో కాగితం అమ్మే హేమంత్‌కుమార్‌కి ఫోన్ చేశాడు.

"తెలుపు కోసం కాగితంలో మందు కలుపుతారండి, బట్టలకు నీలిమందులాగ," అన్నాడతను. "ఎండలో మన కంటికి కనపడని వెలుగుంటుంది. దాన్ని మింగి ఆ మందు నీలంగా వెలుగుతుంది. ఆ ఎండే మెల్లగా దాన్ని చంపేస్తుంది. మందు చచ్చాక మిగిలేది అసలు కాగితం రంగే. మందు లేని కాగితమూ చూపించానండి మీకు. పాతబడ్డట్టుందని మీరే తిప్పి పంపారు."

వహాబ్ ఫోన్ పెట్టేశాడు. తన ఇంట్లో గోడలకు మనుషుల ఫొటోలు పెట్టరు. తండ్రి నాటి నుంచీ అంతే. ఇన్నేళ్లుగా తాను తెల్లగా పంపిన ముఖాలు గోడల మీద ఏమవుతున్నాయో ఆయన ఒక్కసారీ చూడలేదు.

పటం విప్పి ఫొటో స్కాన్ చేశాడు. కంప్యూటర్లో పసుపు తీశాడు. చొక్కా తెల్లబడింది. ముఖంలోని ఎరుపు అప్పటికే ఎండకు పోయింది. పసుపు కూడా పోయేసరికి పెదవులు నీలమయ్యాయి, చెంపలు బూడిదరంగుకు తిరిగాయి. ఎరుపు కలిపితే రంగేసిన బొమ్మలా ఉంది. తీశాడు. మళ్లీ కలిపాడు. ఆ కుర్రాడి ఒంటి ఛాయ ఆయనకు గుర్తులేదు.

సుందరమ్మ వెనక నిలబడి చూస్తోంది.

"ఆపండి," అంది. "ఇలాగే చూశానండి, ఒడ్డుకు తెచ్చినప్పుడు."

"ఇంకాస్త చూస్తానమ్మా..."

"వద్దండి. పచ్చబడినా అందులో బతికున్నట్టున్నాడు. నా పటం నాకిచ్చేయండి."

పటం మీద చెంగు కప్పి బస్టాండు వైపు వెళ్లిపోయింది.

మర్నాడు వహాబ్ స్టూడియో తెరవలేదు. సుత్తి, మేకులు చేత్తో పట్టుకుని మొదటి బస్సులో లంకకు వెళ్లాడు. పటం మళ్లీ గుమ్మానికి ఎదురుగానే ఉంది. ఎండ అప్పటికే దాని సగం దాకా పాకింది.

"వెనక గదిలోకి మార్చాలమ్మా. లేకపోతే ఈ మిగిలిందీ ఉండదు."

"అక్కడ చీకటండి. వాడు కనపడడు."

"లైటేసుకుని చూడండమ్మా."

ఆమె గుమ్మంలోంచి పక్కకు జరిగింది. వహాబ్ చెప్పులు విడిచి లోపలికి వెళ్లాడు. పటం దించి, వెనక గది గోడను చేత్తో తడుముకుని, మేకు కొట్టాడు.