చీమలకు నేను కట్టిన తాడు

మా బాబాయి మామిడితోట హనుమాన్ జంక్షన్ దాటి కాస్త లోపలికి వెళ్తే వస్తుంది. ఒకప్పుడు ఆయన కూడా పురుగుమందు కొట్టేవాడు. ఓ ఏడు గాలి తిరిగి మందు మీద పడి, పక్కనే పుల్లలు ఏరుకుంటున్న పిన్ని కళ్ళు తిరిగి పడిపోయింది. ఆస్పత్రి నుంచి ఆవిడ ప్రాణాలతో ఇంటికొచ్చిన రోజే స్ప్రేయరు వదిలించుకున్నాడు. ఇక ఈ తోటలో మందు వాసన రాకూడదన్నాడు.

అప్పట్నుంచి తోటకి కాపలా ఎర్రచీమలే. ఆకులు కలిపి కుట్టి చెట్టుమీదే గూళ్ళు కట్టుకునే రకం. కుట్టాయంటే అబ్బో, పగవాడికి కూడా వద్దు! కానీ అవి వేటాడుతుంటే గంటసేపైనా నిలబడి చూస్తాను. గొంగళిపురుగు కనబడితే ముందు ఒకటి పట్టుకుని వదలదు. కబురెలా వెళ్తుందో, నిమిషంలో ఇంకో పది చేరి తలో దిక్కుకి లాగి సాగదీస్తాయి. పురుగు మెలికలు తిరగడం ఆగాక అన్నీ కలిసి గూటికి మోసుకుపోతాయి.

పిన్ని బట్టలారేసే దండెం మీంచి చీమలు ఒక చెట్టునుంచి ఇంకో చెట్టుకి పోవడం చూసి, బాబాయి కొమ్మకీ కొమ్మకీ కొబ్బరితాళ్ళు కట్టడం మొదలుపెట్టాడు. ఏ చెట్టుకి ఏది కలపాలో ఆయనే చూసుకునేవాడు.

నాలుగేళ్ళ కిందట, పూత వేళ, ఆయన కాలు బెణికి మంచమెక్కాడు. ఆదివారం కదా అని విజయవాడ నుంచి బండేసుకుని వెళ్ళాను.

"తూర్పు వరసలో తాళ్ళు తెగాయిరా. కాస్త కట్టిపెట్టు. ఆ వరస దాటి మాత్రం పోకు," అన్నాడు.

ఎందుకని అడిగితే నా పరువేం కాను? ఆఫీసులో నలుగురికి పని చెప్పేవాణ్ణి! తాడు మిగిలింది. అందరికీ దారి ఉంటే మంచిదేగా అనుకుని తూర్పు వరసనీ పడమటి వరసనీ కలిపేశాను. నన్ను నేనే మెచ్చుకుంటూ గోంగూర పచ్చడితో మారుఅన్నం కూడా తిన్నాను.

సాయంత్రం చూస్తే తాడంతా ఎర్రగా కదులుతోంది. చూడ్డానికి అన్నీ ఒకేలా ఉన్నాయి గానీ, అటు గూళ్ళవాళ్ళు వేరు, ఇటు గూళ్ళవాళ్ళు వేరు. మీసాలతో తడిమి చూసుకుంటున్నాయి, తమది కాదని తేలగానే కాలు పట్టేసుకుంటున్నాయి. పురుగుని లాగినట్టే చీమని చీమలు లాగి తెంపుతున్నాయి. తల తెగినా కొన్ని పట్టు వదల్లేదు. కంగారుగా తాడు కోసేశాను. అప్పటికే ఆలస్యమైంది.

పొద్దున్నే పిన్ని ఫోన్ చేసింది. "చెట్ల కింద చచ్చిన చీమల్ని చీపురుతో ఊడ్చాను నాన్నా," అంది.

పడమటి వరసలో ఎనిమిది చెట్లమీద గూళ్ళు ఎండిపోయాయి. గెలిచినవి కూడా అక్కడ కాపలా కాసేటన్ని మిగల్లేదు. రెండు వారాలకి ఆ పూతనిండా రసం పీల్చేసే తేనెమంచు పురుగు. నేను అద్దెకి స్ప్రేయరు తీసుకుని పరిగెత్తాను.

"పిన్నిని రెండ్రోజులు గుణదలలో మా ఇంట్లో ఉంచుదాం బాబాయ్. నేనే కొట్టేస్తాను."

బాబాయికి కోపమొస్తే గొంతు తగ్గుతుంది. "కాపు పోతే ఇంకో ఏడుంది. నీకేమన్నా అయితే మీ అమ్మకేం చెప్పమంటావు? పట్టుకెళ్ళి ఇచ్చేసి రా."

ఆ ఏడు ఎనిమిది చెట్లూ కాపు లేకుండా పోయాయి. ఆయన నన్ను పల్లెత్తు మాటనలేదు. అదే నన్ను తినేసింది.

మరుసటేడు పూతకి కబురు పెట్టాడు, తాళ్ళు కట్టడానికి నన్నే రమ్మని. చెట్టుకింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఈ చెట్టు చీమనొకదాన్ని పుల్లతో ఎత్తి ఆ చెట్టుమీద పెట్టమన్నాడు. తడిమి వదిలేస్తే ఒకే ఇల్లు, తాడు కట్టొచ్చు. పెట్టాను. మూడు చీమలొచ్చి దాన్ని అక్కడికక్కడే చీల్చేశాయి.

"పాపం బాబాయ్! తెలుసుకోడానికి ఒక చీమని చంపాలా?"

"నిరుడు తోటెడు చీమల్ని చంపావు. అప్పుడేం తెలుసుకున్నావురా?"

ఏడాదిగా ఆ మాట కోసమే కాచుకునున్నాను కాబోలు, నాకు ఏడుపొచ్చేసింది. ఆయన పక్క చెట్టువైపు చెయ్యి చూపించాడు. "ఇంకో చెట్టు చూడు," అన్నాడు.