సోషల్ పీరియడ్‌లో గోళం

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మణుగూరు అవతల, అడవి అంచున ఉన్న హైస్కూల్లో సోషల్ టీచర్‌గా చేరాను. ఆ ఏడాదే భూమి ఆకారం మీద పంచాయితీ వచ్చింది.

తొమ్మిదో తరగతిలో గ్లోబు పట్టుకుని, భూమి గోళాకారంలో ఉంటుందని చెబుతున్నాను. గదుల మధ్య గోడ పైకప్పు దాకా లేకపోవడంతో పక్క క్లాసులో ఉన్న సైన్స్ సార్‌కు వినపడింది. సుద్దముక్కతో సహా మా గుమ్మంలోకి వచ్చారు.

"గోళం కాదు మేడం. ధ్రువాలకాడ నొక్కినట్టుంటది, నడుముకాడ ఉబ్బుంటది. పిల్లలకు తప్పు చెప్పొద్దు."

పిల్లలందరి ముందు అలా అనేసరికి నాకు ఒళ్లు మండింది. గ్లోబు ఆయన చేతిలో పెట్టి, "ఎక్కడ ఉబ్బిందో చూపియ్యండి సార్" అన్నాను. ఆయన స్కేలు తెప్పించి కొలిచారు. ఉబ్బు దొరకలేదు. గ్లోబు చేసినవాడికి సైన్స్ రాదని తేల్చారు.

మధ్యాహ్నానికి స్టాఫ్‌రూమ్ రెండుగా చీలింది. తెలుగు సార్ నా వైపు, లెక్కల మేడం ఆయన వైపు. డ్రిల్లు సార్ మాత్రం ఎటువైపు కూర బాగుంటే అటు కూర్చున్నారు. రిటైర్మెంట్ దగ్గరపడ్డ హెడ్మాస్టర్ మా ఇద్దరినీ పిలిచారు.

"ఇన్నేండ్లు భూమి మీదనే ఉన్న, దాంతోని నాకెప్పుడు లొల్లి రాలే. ఇగ గిట్ల చేద్దాం. సోషల్ పీరియడ్‌ల గోళం. సైన్స్ పీరియడ్‌ల గోళం కాదు. అయిపాయె."

ఈ ఏర్పాటుకు పిల్లలు మాకన్నా ముందే అలవాటుపడ్డారు. కొన్నాళ్లకు ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి మా ఇద్దరినీ వెంటబెట్టుకుని తొమ్మిదో తరగతికి వెళ్లి, ఒక అమ్మాయిని లేపి భూమి ఏ ఆకారంలో ఉంటుందని అడిగారు.

"ఇది ఏ పీరియడ్ సార్?" అని ఆ పిల్ల వినయంగా అడిగింది.

అధికారి నా వైపు చూశారు. జరిగింది చెప్పక తప్పలేదు. ఆయన వాచీ చూసుకుని, "పరీక్షల ఏది రాస్తే మార్కులు పడ్తయో, అదే ఆకారం" అని చెప్పి భోజనానికి లేచారు.

సాయంత్రం బస్సు కోసం నిలబడితే సైన్స్ సార్ పక్కకొచ్చారు.

"నిజం చెప్పాల్నంటే మేడం, గంత పెద్ద భూమికి ఆ నొక్కు ఏమంత కాదు. గ్లోబంత చేస్తే కంటికి కూడ ఆనదు. గోళం అన్నా నడుస్తది."

"మరి క్లాసుల చెప్తారా సార్?"

"సైన్స్ పీరియడ్‌ల ఎట్ల చెప్త?"

మర్నాటి నుంచి నేను 'దాదాపు గోళం' అని చెప్పసాగాను. అది హెడ్మాస్టర్ చెవిన పడింది. 'దాదాపు' ఏ పుస్తకంలో ఉందని అడిగి, లేదన్నాక, ఆ మాటేదో తాను రిటైరయ్యాక వాడుకోమన్నారు. నేను అప్పటిదాకా ఆగలేదు.