బోణీ చెయ్యి

పెనుకొండ బజారంతా ప్లాస్టిక్ కవర్లకు మారినా శేషగిరి శెట్టి కొట్లో మాత్రం పప్పుకు ఇంకా కాగితం పొట్లమే. బోణీ సరుకు ఎడమచేత్తో ఇస్తే ఆ రోజు వ్యాపారం మట్టికొట్టుకుపోతుందని ఆయనకు గట్టి నమ్మకం. అలాంటి ఇంటికి ధర్మవరం నుంచి ఎడమచేతివాటం కోడలు వచ్చింది. పేరు స్పందన.

ఆ పిల్ల ముగ్గు వేస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. పిండి చిటికెలోంచి దారంలా జారేది, గీత ఎక్కడా తెగేది కాదు. శేషగిరి చెయ్యి చూశాడు గాని ముగ్గు చూడలేదు.

"కొట్లో కూచోవల్లంటే కుడిచెయ్యి అలవాటు చేసుకోమ్మా. నేనూ పుర్రచేతివాణ్ణే. చిన్నప్పుడు మా నాయన బెత్తం పట్టుకుంటే ఇట్టే మారిపోయినా. నాకొచ్చింది, నీకెందుకు రాదు?"

నిజమే, ఆయనకు వచ్చింది. కొందరికి కొత్త చెయ్యి కొత్త చెప్పులాగా నాలుగు రోజులు కరిచి ఊరుకుంటుంది. స్పందనకు అలా కాలేదు. ఏడాది తిరిగినా ఆమె కుడిచేత్తో కట్టిన పొట్లం గడప దాటకముందే విచ్చుకునేది. మామ కంటపడకపోతే ఎడమచేత్తో చకచకా కట్టేసేది. ఆయన అది చూసినప్పుడల్లా చిన్నగా దగ్గేవాడు. ఆమె వెంటనే చెయ్యి మార్చేది. మామాకోడళ్ల మధ్య అదో మాటలేని ఏర్పాటు.

మొన్న శ్రావణంలో హిందూపురం మండీ నుంచి బెల్లం వచ్చింది. స్పందన దిమ్మె ముందు పెట్టుకుని ఎడమచేత్తో కత్తి వేస్తోంది. శేషగిరి గుమ్మంలోకి వచ్చి దగ్గాడు. కత్తి కుడిచేతిలోకి మారింది. ఆ దెబ్బ దిమ్మె మీద జారి ఎడమ బొటనవేలి మీద పడింది.

హిందూపురం ఆస్పత్రిలో కుట్లు వేశారు. నరం తెగింది, వేలు ఇక మునుపటిలా వంగదు అన్నాడు డాక్టరు. ఎలా జరిగిందని అడిగిన ప్రతివాళ్లకీ స్పందన "కత్తి జారింది" అని చెప్పింది. దగ్గు సంగతి మొగుడికి కూడా చెప్పలేదు. ఆమె నాలుగు తిట్లు తిట్టి ఉంటే శేషగిరికి అన్నం సహించేదేమో. ఆ వేలు నరికింది తానేనని ఆయనకు తెలుసు, నోటితో ఒప్పుకోవడానికే ధైర్యం చాలలేదు.

కట్టు విప్పిన మరునాడు ఆమె ముగ్గు వెయ్యబోయింది. చిటికె నిలవలేదు, పిండి కుప్పగా రాలింది. చీపురుతో ఊడ్చేసి కొట్లోకి వచ్చి కూర్చుంది. అప్పుడే తిప్పమ్మ కందిపప్పుకు వచ్చింది. అది బోణీ బేరం. స్పందన కుడిచేత్తో దారంతో కుస్తీ పడుతుంటే శేషగిరి చూడలేకపోయాడు.

"ఇటు తేమ్మా" అని పొట్లం తీసుకుని దారం తన ఎడమచేతికి అందించాడు. చిన్నప్పుడు మానేసిన చెయ్యి. తడబడాలి, పప్పు కింద పోవాలి, ఆ పిల్ల పడిన అవస్థ తనకూ తెలియాలి అనుకున్నాడు. చెయ్యి తడబడలేదు. నిన్నటిదాకా అదే పని చేస్తున్నట్టు రెండు చుట్లు చుట్టి ముడేసింది. సిగ్గుతో ఆయనకు చెవులు వేడెక్కాయి. అదే చేత్తో పొట్లం చాపాడు.

"ఏమప్పా శెట్టీ, బోణీ పుర్రచేత్తో ఇస్తాండావు?" అంది తిప్పమ్మ.

"ఆ చేతికేం తప్పు లేదు తిప్పమ్మా. తప్పంతా నాది. తీసుకో."

ఆమె వెళ్లాక స్పందన ఆ చేతివంకే చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"మీ చెయ్యి మీకట్లే ఉండాదా మామా?"

శేషగిరికి గొంతులో దగ్గు అడ్డుపడింది. కళ్లలో నీళ్లు తిరిగినా ఆ దగ్గును బయటికి రానివ్వలేదు.