రైలు ఎందుకు ఆగింది?

మా పిల్ల చిన్నప్పుడు... రైల్వే కేబిన్‌లో డ్యూటీ దిగి క్వార్టర్‌కి వచ్చేసరికి నులక మంచం మీద బోర్లా పడి ఏడుస్తోంది. పదేళ్ల గుంట. పక్కన హిందీ పుస్తకం, దాని నిండా ఎర్ర ఇంటూలు.

"ఏటయిందే?" అన్నాను.

"ట్యూషన్ మాస్టారు తప్పు కొట్టేశారు నాన్నా... నాది రైటే!"

ఎనభైల చివర మాట ఇది, హిందీ వాళ్ల రాష్ట్రంలో నా ఉద్యోగం. ఆరో క్లాసుకి సర్కారు హాస్టల్ బడిలో సీటు కోసం ఎంట్రన్స్ రాయాలి. ఒక్కసారే రాయనిస్తారు. సీటొస్తే పన్నెండు దాకా చదువు, తిండి వాళ్లే చూసుకుంటారు. రాకపోతే... మా అమ్మ అప్పటికే అనేసింది, "ఐదో క్లాసయింది కదరా, ఇంక దాన్ని పనిలో పెట్టండి" అని. లెక్కల్లో పిల్లకి తిరుగులేదు. ఇచ్చిన కథ చదివి జవాబు పెట్టమంటేనే బోల్తా.

ఆ కథ నాకు తెలుగులో చెప్పమన్నాను. నేను చదివింది రెండో క్లాసు... హిందీ బోర్డులు కూడబలుక్కోవడం వరకే.

ఊరవతల రైలు ఆగింది. ఒక ముసలాయన గొడుగు కిటికీలోంచి పడిపోతే ఎవరో గొలుసు లాగారు. అదీ కథ. రైలు ఎందుకు ఆగింది? ఇదీ ప్రశ్న. మా పిల్ల "సిగ్నల్ లేక" అని పెట్టింది.

"మన కాలనీ పక్కన లాల్‌ఖదాన్ దగ్గర రోజూ అందుకే కదా ఆగుతాది!" అంది.

నిజం చెప్తున్నాను, నాకూ అదే రైటనిపించింది. పుస్తకం పట్టుకుని సైకిలెక్కి మాస్టారింటికి పోయాను. "రైళ్ల సంగతి మాకా నేర్పేది?" అని గట్టిగానే అడిగాను.

ఆయన నవ్వాడు. "అయ్యా, మీకు తెలిసింది వాళ్లు అడగలేదు. అందులో ఉన్నది అడిగారు."

అచ్ఛా... అని తిరిగొచ్చేశాను. దారంతా అదే ఆలోచన. కేబిన్‌లో నా పనేటి? స్టేషన్ మాస్టరు ఫోన్లో ఫలానా బండికి ఫలానా లైను అంటాడు. అదే మాట నేను తిరిగి చెప్పాలి. చెప్పేదాకా పట్టాలు మార్చే లివరు మీద చెయ్యి పడకూడదు. ఈ గూడ్సు రోజూ మూడో లైనులోకే వస్తాది కదా అని నా సొంత తెలివితో లాగితే? బళ్లు గుద్దుకుంటాయి!

ఆ మర్నాటి నుంచి మా ఇంట్లో అదే రూలు. వాళ్లమ్మ కుంపటి మీద చారు కాస్తుంటే, పిల్ల ఒక కథ చదవాలి, పుస్తకం మూసేసి నాకు అప్పచెప్పాలి. హిందీది తెలుగులో. చిలకలా అప్పచెప్తే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఎవరు? ఎక్కడ? ఎందుకు? "ఇది అందులో ఉందా, నీ బుర్రలోదా?" అని గుచ్చి గుచ్చి అడిగేవాణ్ణి. నాకు బోధపడలేదంటే దానికీ బోధపడనట్టే.

"ఈ నాన్న కంటే మాస్టారే నయం!" అని ఎన్నిసార్లు ఏడ్చిందో...

పరీక్ష రోజు గేటు బయట నించున్నాను. తోటి పిల్లలంతా మిఠాయి బండి మీద పడితే, ఇది నా దగ్గరకొచ్చి కథలన్నీ అప్పచెప్పేసింది.

"ఒక దాంట్లో మామిడికాయలు చలికాలంలో కాశాయట నాన్నా! నవ్వొచ్చింది."

మళ్లీ సొంత తెలివి పెట్టేసిందేమో అనుకున్నాను. "మరేటి పెట్టావు?"

"చలికాలమే పెట్టాను. అందులో అలాగే ఉంది కదా!"

అంతే... రిజల్టు రాకముందే నాకు తెలిసిపోయింది. సీటొచ్చిందని వేరే చెప్పక్కర్లేదు. రిజల్టొచ్చిన రోజు కాలనీలో మా అమ్మే ఇంటింటికీ తిరిగి చెప్పుకుంది, పనిలో పెట్టమన్న మనిషే!

మా పిల్ల ఇప్పుడు వకీలు. ఎంత పెద్ద కాగితమైనా చదివి, మూసేసి, వచ్చినవాళ్లకి వాళ్ల భాషలో చెప్తాది. అది నా దగ్గర నేర్చిందే. గొప్పే చెప్పుకుంటున్నాను, ఏం?

ఆ కేబిన్ పడగొట్టేశారు... లివర్లు లేవు, అన్నీ బటన్లే. మనుషులూ అలాగే అయ్యారు. సగం చదివి బటన్ నొక్కేస్తున్నారు.

ఇది నేను నోటితో చెప్తుంటే ఫోనే రాసుకుంది. మనవరాలి చేత తిరిగి చదివించుకుని విన్నాకే పెడుతున్నాను. మీరూ లైకు తర్వాత కొడుదురు గాని... ముందు ఫోను బోర్లించి, పక్కనున్నవాళ్లకి ఇందులో ఏముందో చెప్పండి. మీ చిన్నప్పుడు మీ చేత అలా చెప్పించుకున్నవాళ్లెవరో కూడా కింద రాయండి.