కమలక్కకు పేస్‌మేకర్ ఉందని నేను రాయని ఫారం

నిన్న మధ్యాహ్నం స్కూల్లో పేపర్లు దిద్దుతుంటే సారపాక నుంచి బావ ఫోన్ చేశాడు.

"శారదా, మీ అక్క పోయింది" అన్నాడు.

క్యాన్సర్ లివర్‌కు పాకిందని నెల కిందటే తెలుసు. అయినా మనసు రెడీగా లేదు.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. కమలక్క మా పెద్దమ్మ కూతురు. సారపాక అవతల అడవిలో ఒక కోయ గూడెంలో అంగన్‌వాడీ టీచర్. ఆ తల్లులతో వాళ్ల భాషలోనే మాట్లాడేది.

ఆరేళ్ల కిందట ఒకరోజు చంటిపిల్లను తూకం వేయబోతూ కళ్లు తిరిగి పడిపోయింది. పిల్లను మాత్రం వదల్లేదట. గుండెకు హత్తుకునే పడింది. పిల్లకు ఒక్క గీత కూడా పడలేదు.

ఖమ్మంలో చూపిస్తే గుండె మరీ నెమ్మదిగా కొట్టుకుంటోందన్నారు. ఎడమ భుజం కింద పేస్‌మేకర్ పెట్టారు. అక్క దాన్ని "డబ్బా" అనేది.

మూడేళ్లకు గర్భసంచి ముఖద్వారంలో క్యాన్సర్ బయటపడింది.

ఎమ్మారై తీయించడానికి వెళ్తే, పేస్‌మేకర్ ఉంది కాబట్టి కుదరదని వెనక్కి పంపారు. ఆ రోజు అక్క చాలా భయపడింది. అంతకుముందు ఎప్పుడూ అలా చూడలేదు.

రేడియేషన్ కోసం, అక్క మాటలో కరెంటు పెట్టించుకోవడానికి, హైదరాబాద్‌లో వేరే ఆస్పత్రికి వెళ్లాం. ఫారం నేనే నింపుతున్నాను. గుండె జబ్బు ఉందా, ఒంట్లో ఏదైనా మెషిన్ పెట్టారా అని అందులో ఉంది.

అక్క నా చెయ్యి పట్టుకుంది.

"రాయకు చెల్లే. డబ్బా ఉందంటే గిక్కడ గూడ వాపస్ పంపుతరు. కరెంటు పెట్టేది పొత్తికడుపుకు. గుండెకు ఏమైతది?"

చదువుకున్నదాన్ని. పిల్లలకు సైన్స్ చెప్పేదాన్ని. "లేదు" అని రాశాను.

పేస్‌మేకర్ కార్డు, పాత ఎక్స్‌రే అక్క ముందే ఇంట్లో వదిలేసి వచ్చింది. రోజూ జాకెట్ భుజం మీదికి సర్దుకుని లోపలికి వెళ్లేది.

పదో రోజు ట్రీట్‌మెంట్ అయ్యాక టేబుల్ మీద నుంచి లేస్తూ తూలిపోయింది. పట్టుకున్న టెక్నీషియన్ చేతికి భుజం కింద గట్టిగా ఏదో తగిలింది.

రేడియేషన్ డోసు లెక్కలు చూసే ఫిజిసిస్ట్ సార్ మమ్మల్ని కూర్చోబెట్టారు. తిడతారనుకున్నాను. తిట్టలేదు.

"పేస్‌మేకర్ ఉంటే వెనక్కి పంపం అమ్మా. ముందే తెలిస్తే జాగ్రత్త పడతాం. మీరు పడుకున్న మెషిన్ చాలా పవర్‌ఫుల్. దూరం నుంచి కూడా పేస్‌మేకర్‌ను డిస్టర్బ్ చేయగలదు" అన్నారు.

చెక్ చేస్తే పేస్‌మేకర్ తన మామూలు సెట్టింగ్ పోగొట్టుకుని ఎమర్జెన్సీ సెట్టింగ్‌లోకి వెళ్లిపోయి ఉంది. అక్క గుండె పూర్తిగా దాని మీదే ఆధారపడి ఉందని కూడా అప్పుడే తెలిసింది.

దాన్ని సరిచేసి, గుండె డాక్టర్ సరే అనేదాకా తొమ్మిది రోజులు రేడియేషన్ ఆపేశారు. తర్వాత తక్కువ పవర్ మెషిన్‌కు మార్చారు. రోజూ మానిటర్ పెట్టి గుండె చూస్తూ ఇచ్చారు. వారానికోసారి పేస్‌మేకర్ చెక్ చేశారు. కోర్సు పూర్తయింది.

ఆ రోజుల్లోనే వెయిటింగ్ హాల్లో ఎర్రుపాలెం నుంచి మామగారిని తీసుకొచ్చిన కోడలు ఒకామె కలిసింది. ఆయనకూ పేస్‌మేకర్ ఉంది. చెప్పాలా వద్దా అని నన్ను మెల్లగా అడిగింది. నేను నోరు తెరిచేలోపే అక్క లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"దా, సారుకు చెప్దాం. నేను దాస్తే ఏమైందో గూడ చెప్త."

సార్ గది తలుపు దాకా తనే తీసుకెళ్లింది.

రెండేళ్లు బాగుంది. మళ్లీ గూడేనికి డ్యూటీకి వెళ్లింది. తర్వాత జబ్బు తిరగబెట్టింది.

డాక్టర్‌ను అడిగాను. "మధ్యలో ఆపిన ఆ తొమ్మిది రోజుల వల్లేనా?"

"ఈ క్యాన్సర్‌కు మధ్యలో గ్యాప్ మంచిది కాదు. కానీ దాని వల్లే అని చెప్పలేం" అన్నారు.

పోయిన నెల అక్క దగ్గర కూర్చుని ఆ మాట చెప్పి ఏడ్చాను.

"రాసింది నువ్వు, రాయొద్దన్నది నేను. ఇద్దరం భయపడ్డం. ఇగ దాన్నే పట్టుకొని కూసోకు" అంది. వెంటనే, "అన్నం తిన్నవా?" అని అడిగింది.

అక్క నన్ను ఏమీ అనలేదు. అదే నాకు కష్టంగా ఉంది.

ఇవాళ పొద్దున గోదావరి ఒడ్డున అంతా అయిపోయింది. గూడెం నుంచి ఆడవాళ్లు ట్రాక్టర్ మీద వచ్చారు. వాళ్ల భాషలో అక్కను పిలుస్తూ ఏడ్చారు. నాకు ఒక్క మాట కూడా అర్థం కాలేదు. అక్క ఉంటే చెప్పేది.

మీ ఇళ్లలో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే, ఏ ట్రీట్‌మెంట్‌కు వెళ్లినా మొదట ఆ మాటే చెప్పండి. ప్లీజ్.

వెళ్లిరా కమలక్కా. ఇక ఏ నొప్పీ, ఏ భయం లేకుండా నీ ఆత్మ శాంతిగా ఉండాలి.