ఇంటిపేరు గాడెన్‌బ్రోక్

ముందు ఉలి చప్పుడు వినిపిస్తుంది. రెండు తేలిక దెబ్బలు, ఒక బరువు దెబ్బ, మధ్యలో ఊపిరి పీల్చుకున్నంత సందు. గుణదల రోడ్డు మీద ఆటోలు, బస్సులు, పెళ్ళి మైకులు ఎన్ని అరిచినా ఆ చప్పుడు వాటన్నిటి అడుగున సన్నగా పారుతూనే ఉంటుంది. దాని వెనక తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములోంచి ఒక కళ్ళజోడు, కళ్ళజోడు వెనక అరవై రెండేళ్ళ ఎలీషా.

ఎలీషా రాళ్ళ మీద పేర్లు చెక్కుతాడు. సమాధిరాళ్ళు ఎక్కువ, శిలాఫలకాలు తక్కువ. పక్క షెడ్డులో యంత్రం ఇసుక ఊది గంటలో అక్షరాలు దింపేస్తుంది. అయినా చేతి అక్షరమే కావాలని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు. నలభై ఏళ్ళలో ఎన్ని వేల పేర్లు చెక్కాడో అతనికే తెలీదు. ఒక్క వత్తు తప్పుపోలేదు.

ఒక్క రాయి మాత్రం సగంలో ఉండిపోయింది. అది అతని భార్య తెరేసమ్మది. నాలుగేళ్ళ కిందట తనే చెక్కి, తనే నిలబెట్టాడు. దాని మీద పేరు ఉంది, పుట్టిన రోజు ఉంది, పోయిన రోజు ఉంది. పేరుకి ముందు జానెడు జాగా నున్నగా ఖాళీగా ఉంది. సమాధుల దొడ్డికి వచ్చేవాళ్ళు అక్కడ అక్షరాలేవో చెరిగిపోయాయనుకుంటారు. అవి చెరగలేదు. అతను చెక్కలేదు.

చెక్కాల్సింది ఇంటిపేరు. ఆధారు కార్డులో, రేషను కార్డులో, పదో తరగతి సర్టిఫికెట్టులో, ఓటర్ల జాబితాలో వాళ్ళ ఇంటిపేరు "గాడిదబరువు" అని ఉంది. ఆ మాటని ఆవిడ గుండెల మీద ఎక్కించడానికి అతనికి చెయ్యి రాలేదు.

అసలు పేరు గాడెన్‌బ్రోక్.

ఎలీషా తాతకి తండ్రి ఒకాయన, దొరల కాలంలో, బందరు కాలువ దిగువన జర్మనీ నుంచి వచ్చిన ఒక మిషనరీ దొర బంగళాలో వంట చేసేవాడు. బాప్తిస్మం ఇచ్చేరోజు ఆయనకి నతానియేలు అని పేరు పెట్టారు. రిజిస్టరులో ఇంటిపేరు గడి ఒకటి మిగిలింది. ఉపదేశి కలం పట్టుకుని అడిగాడు.

"నీ ఇంటిపేరేంటి?"

"ఏ ఇల్లండి?"

"నువ్వుండే ఇల్లేనయ్యా."

"గాడెన్‌బ్రోక్ దొరగారి ఇల్లండి."

ఉపదేశి అదే రాసుకున్నాడు. దొర అది చూసి నవ్వి, ఉండనీమన్నాడట. ఆయనకి పిల్లల్లేరు. అలా ఒక వంటవాడి జవాబులోంచి కృష్ణ ఒడ్డున ఒక ఇంటిపేరు మొలిచింది. చిత్తడి నేలలో ఏ గింజ పడ్డా మొలుస్తుంది కదా. ఆ రిజిస్టరుని తర్వాత చెదలు తిన్నాయి. పేరు మాత్రం నోటి నుంచి నోటికి మూడు తరాలు నడిచింది.

నాలుగో తరం దగ్గర దానికి బడి అడ్డొచ్చింది. అరవైతొమ్మిదిలో, ఉయ్యూరు అవతల ఊళ్ళో, తండ్రి అబ్రహాము చెయ్యి పట్టుకుని ఎలీషా ఒకటో తరగతిలో చేరడానికి వెళ్ళాడు. కొత్తగా ఉద్యోగంలో చేరిన తెలుగు మాస్టారు ముత్యాల రామకోటేశ్వరరావు బల్ల దగ్గర ఉన్నాడు. పట్టుమని పాతికేళ్ళు లేవు. ఆయన దస్తూరీ చూడటానికి పక్క ఊళ్ళ నుంచి వచ్చేవారు.

"గాడెన్‌బ్రోకండి," అన్నాడు అబ్రహాము.

"ఏమిటీ? గాడిన... బరుకా?" మాస్టారు పిల్లల వైపు తిరిగి కళ్ళెగరేశాడు. "గాడిదబరువు అనవయ్యా, సులువుగా ఉంటుంది. మోసేవాడివి నువ్వేగా."

బడంతా నవ్వింది. మాస్టారు ఆ మాటని ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. ఎలీషాకి గుర్తున్నది పిల్లల నవ్వు కాదు, తండ్రి నవ్వు. అబ్రహాముకి చదువు రాదు. ఏం రాశారో తెలీదు. మాస్టారు నవ్వుతున్నాడు కాబట్టి చేతులు కట్టుకుని తనూ నవ్వాడు. అందరికంటే గట్టిగా నవ్వాడు.

తమ్ముళ్ళకీ అదే రాశారు. తర్వాత ఏ ఆఫీసుకి వెళ్ళి మొత్తుకున్నా, "మొదటి రికార్డు స్కూలుదే కదండీ, అందులో ఏముంటే అదే" అన్నారు. హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళి కుదిరితే, కాబోయే మామగారు శుభలేఖలో పొడి అక్షరం ఒక్కటే వేయించాడు. తెరేసమ్మ మాత్రం ఎప్పుడూ చిన్నబుచ్చుకోలేదు. "సగం బరువు నేనూ మోస్తున్నాగా, తేలికే" అనేది. ఆ సగం దించుకోకుండానే వెళ్ళిపోయింది.

వాళ్ళ కూతురు శాలిని గన్నవరం విమానాశ్రయంలో కౌంటరు దగ్గర పని చేస్తుంది. రోజూ వందల ఇంటిపేర్లు ఆమె వేళ్ళ కింద నుంచి పోతుంటాయి. పోయిన వానాకాలంలో ఒకరోజు ఫోనులో ఒక పటం తెచ్చి తండ్రికి చూపించింది. ప్రపంచంలో గాడెన్‌బ్రోక్‌లు ఎక్కడెక్కడ ఉన్నారో చుక్కలు పెట్టిన పటం అది. హెల్గా గాడెన్‌బ్రోక్ అనే రిటైరైన లైబ్రేరియన్ ఇరవై ఏళ్ళుగా ఆ లెక్క రాస్తోంది. బతికున్నవాళ్ళు మొత్తం అరవై ఒక్కమందేనట. ఉత్తర జర్మనీలో మూడు తాలూకాల్లో నలభై మంది, బ్రెజిల్ దక్షిణాన పదిహేడు మంది, అమెరికాలో మంచు కురిసే ఏదో ఊళ్ళో నలుగురు.

"మనం ఎక్కడున్నామమ్మా?"

"లేం నాన్నా."

ఎలీషా వేలితో తాకితే పటం పెద్దదై కృష్ణ కనిపించింది. కాలువలు సన్నటి నీలి నరాల్లా సముద్రం దాకా విడిపోయాయి. ఎక్కడా చుక్క లేదు. పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడపిల్లలు పోగా వాళ్ళు పద్నాలుగు మంది. కాయితం మీద పద్నాలుగు మందీ గాడిదబరువులే.

శాలిని హెల్గాకి అంతా రాసింది. పదిరోజులకి జవాబొచ్చింది. గాడెన్ అంటే వాళ్ళ పాత భాషలో ఒంటిగది ఇల్లు, బ్రోక్ అంటే చిత్తడి నేల అని ఆవిడ రాసింది. చిత్తడి పక్కన ఒంటిగది ఇల్లు. మీ దేశం వచ్చిన పాస్టరుకి పిల్లల్లేరు కాబట్టి ఆ కొమ్మ సముద్రం దగ్గరే ఆగిపోయిందనుకున్నాం, మీరున్నారంటే సంతోషం, కానీ ఒక్క కాయితం ముక్కయినా లేనిదే జాబితాలో చేర్చలేను, పేరు మార్చిన మనిషి తన చేత్తో మార్చానని రాసిచ్చినా చాలు, అంది.

ఎలీషా ఆ రోజంతా పని చెయ్యలేదు. పుట్టి పెరిగిన ఇల్లు గుర్తొచ్చింది. పంటకాలువ గట్టు కింద, వానొస్తే అడుగు నీళ్ళు నిలిచే ఒంటిగది ఇల్లు. ఎక్కడో చలిదేశంలో ఎవరో అచ్చంగా దానికే పేరు పెట్టి పంపించారు. మధ్యలో ఒకడు తెలుగు వచ్చన్న పొగరుతో దాన్ని కొట్టేశాడు.

క్రిస్మస్ ముందు కారొకటి షెడ్డు ముందు ఆగింది. కిరీటి అనే నలభై ఏళ్ళ మనిషి దిగాడు.

"బాబాయ్, మా ఊరి స్కూలుకి వందేళ్ళు. శిలాఫలకం కావాలి. నాన్నగారి చేతిమీదుగా ఆవిష్కరణ. ఆయన అక్కడ హెడ్మాస్టరుగా చేశారు. మిషన్ రాత ఒప్పుకోరు. పేరు ఆయన దస్తూరీలోనే ఉండాలట."

కాయితం ఇచ్చాడు. పేరు చదవకముందే ఎలీషా ఆ దస్తూరీని గుర్తుపట్టాడు. తన టీసీ మీద యాభై ఏళ్ళుగా చూస్తున్నది అదే.

"ముత్యాల వారా?" అన్నాడు.

"అవును బాబాయ్. తెలుసా?"

"పేరు విన్నాను బాబూ."

ఆ వారమంతా ఎలీషాకి వేరే ఆలోచన లేదు. ముత్యాలలో ము-కి దీర్ఘం ఇవ్వడం ఒక్క దెబ్బ. యావత్తు బదులు రావత్తు పెట్టడం మూడు దెబ్బలు. నాలుగు దెబ్బల్లో ముత్యాల వారు మూత్రాల వారైపోతారు. బడి గోడ మీద, నల్లరాతిలో, తరతరాలు. ఆదివారం ముసుగు తీస్తారు. పిల్లలు చదువుతారు. పిల్లలకి కళ్ళజోళ్ళు అక్కర్లేదు.

శాలినికి చెప్పాడు.

"ఎనభై ఏళ్ళ ముసలాయన నాన్నా. ఇప్పుడేం చేస్తావ్, వదిలెయ్."

"ఆయన ముసలాడయ్యాడని నా పేరు కుర్రది కాలేదమ్మా."

కానీ ఉలి ఆనించిన ప్రతిసారీ చెయ్యి ఆగింది. జాలితో ఆగలేదు. తప్పు చెక్కితే జనం ఎలీషా చెయ్యి వణికిందంటారు. రాయి మార్చుకుంటారు. నలభై ఏళ్ళ తన పేరు పోతుంది, ఆయన పేరు మళ్ళీ ముత్యంలా వెలుగుతుంది. తప్పు చెక్కితే తన తప్పు. ఒప్పు చెక్కితేనే ఆయన తప్పు ఆయన పేరు మీద నిలుస్తుంది.

పలకంతా చెక్కాడు. ము చెక్కాడు, ల చెక్కాడు. మధ్యలో ఒక్క అక్షరం వదిలేసి కిరీటికి ఫోను చేశాడు. "చెమట చేత్తో కాయితం పట్టుకుంటే ఒక అక్షరం అలుక్కుపోయింది బాబూ. మాస్టారు స్వయంగా వచ్చి రాసిస్తే బాగుంటుంది."

మర్నాడు పొద్దున్నే మాస్టారు వచ్చాడు. తెల్లటి పంచె, చేతికర్ర, జేబులో పాత సిరాకలం. కిరీటి రోడ్డవతల ఫోను మాట్లాడుతున్నాడు. మాస్టారు రాతిని తడిమి చూశాడు.

"బాగా చెక్కావయ్యా. అచ్చం నా చెయ్యే."

"మీ అక్షరం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటండి."

"మా బళ్ళో చదివావా?"

"ఐదో తరగతి దాకానండి. మాస్టారూ, ఒక్క అక్షరమే రాస్తే వాటం తెలీదు. నాలుగు ముక్కలు చెప్తాను, వరసగా రాయండి."

"డిక్టేషనా?" మాస్టారుకి సరదా వేసింది. "నాకే డిక్టేషన్ చెప్తావా? చెప్పు, చెప్పు."

రాళ్ళ మధ్య స్టూలు మీద కూర్చుని, తొడ మీద అట్ట పెట్టుకున్నాడు. ఎలీషా చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో మాటా విడదీసి చెప్పాడు.

"పంతొమ్మిది వందల అరవైతొమ్మిదిలో. మా బడిలో చేరిన. ఎలీషా ఇంటిపేరు. గాడెన్‌బ్రోక్."

"గాడె... ఇదేం పేరయ్యా?"

"నకారప్పొల్లండి. బ-కి రావత్తు, ఓత్వం. చివర కకారప్పొల్లు. రాశారా? దాన్ని. గాడిదబరువు అని."

కలం ఆగింది. మాస్టారు తలెత్తి అతని ముఖం చూశాడు. దుమ్ము వాళ్ళిద్దరి మధ్యా నెమ్మదిగా దిగింది.

"నువ్వు అబ్రహాము కొడుకువా?"

"అవునండి. మీరు నవ్వితే మా నాన్న కూడా నవ్వాడు. గుర్తుందా?"

"అదేదో... నవ్వులాటకి అన్నది. అప్పుడు నాకేం వయసు."

"నాకు ఆరేళ్ళండి."

"ఇప్పుడు ఇవన్నీ ఎందుకురా?"

ఎలీషా రాయి వైపు తిరిగాడు. ఉలి తీసి, ము-కీ ల-కీ మధ్య ఖాళీలో ఆనించాడు. సుత్తి ఎత్తలేదు. ఊరికే ఆనించి నిలబడ్డాడు. ఆ సందులో ఏమేం పడతాయో తెలుగు మాస్టారుకి ఒకరు చెప్పక్కర్లేదు. ఆయన రాయి వైపు చూశాడు, ఉలి వైపు చూశాడు, రోడ్డవతల కొడుకు వైపు చూశాడు.

"రాయండి మాస్టారూ. వేళాకోళానికి. రాసినవాణ్ణి. నేనే. కింద మీ సంతకం. అక్షరదోషం లేకుండా."

రాశాడు. ఒక్క అక్షరం వంకర పోలేదు. సంతకం దగ్గర త్యా మీద ఒక క్షణం ఆగి, దిద్ది, కలం మూత పెట్టాడు. వెళ్తూ వెళ్తూ, "రాయి సరిగ్గా చెక్కుతావుగా?" అన్నాడు.

"నాకు తప్పులు చెక్కడం రాదండి."

ఆదివారం బళ్ళో ముసుగు తీశారు. రాతి మీద ఒక్క వత్తు తప్పులేదు. అందరూ చప్పట్లు కొట్టారు. మాస్టారు శాలువా కప్పుకుని ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయి ఉంటాడు.

శాలిని ఆ కాయితాన్ని ఫొటో తీసి హెల్గాకి పంపింది. సంక్రాంతి వెళ్ళిన వారానికి పటం మీద కృష్ణ ఒడ్డున ఒక చుక్క పడింది. పక్కన పద్నాలుగు అని అంకె. ఎలీషా తాకి చూస్తే అది సరిగ్గా కాలువకీ పొలానికీ మధ్య, తడినేల మీద ఉంది. అదేరోజు ఉలి తీసుకుని సమాధుల దొడ్డికి వెళ్ళాడు. తెరేసమ్మ పేరుకి ముందు జానెడు జాగాలో గాడెన్‌బ్రోక్ అని చెక్కాడు. "ఇక దించెయ్," అన్నాడు రాయితో.

అక్కడితో ఆగితే ఎలీషాని మంచివాడనేవాళ్ళు. అతను ఆగలేదు. నిగనిగలాడే నల్లరాయి ఒకటి తీసుకుని, మాస్టారు రాసిచ్చిన కాయితాన్ని, ఆయన దస్తూరీలోనే, సంతకంతో సహా దాని మీదికి దింపాడు. అక్షరాలకి బంగారు రంగు వేశాడు. షెడ్డు ముందు, రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి కూడా కనిపించేలా నిలబెట్టాడు. పైన చిన్న బోర్డు తగిలించాడు: "చేతిరాత నమూనా". రాయి కొనుక్కునేవాళ్ళంతా ముందు దాన్ని చదువుతారు. నవ్వుతారు. పేరు అడుగుతారు.

నెలకి కిరీటి వచ్చాడు.

"బాబాయ్, దండం పెడతాను. ఆ రాయి తీసెయ్. ఊరంతా ఫొటోలు తిరుగుతున్నాయి. నాన్నగారు అరుగు మీద కూడా కూర్చోవట్లేదు."

"అందులో అక్షరదోషం ఉందా బాబూ?"

"లేదు."

"అబద్ధముందా?"

కిరీటి రాయి మీంచి చూపు తిప్పుకున్నాడు.

"ఉంటే తీసేద్దును," అని ఎలీషా మళ్ళీ ఉలి అందుకున్నాడు.

ఆ రాయి ఇప్పటికీ అక్కడే ఉంది. వానలకి మరింత మెరుస్తోంది. ఇదంతా రాసుకోవడానికి వెళ్ళిన మనిషి లేచి చెప్పులు వేసుకుంటుంటే, ఎలీషా దుమ్ములోంచి తలెత్తకుండా అన్నాడు.

"ఆయన పేరు జాగ్రత్తగా రాయండి. త్యా-కి యావత్తు మర్చిపోకండి. తప్పుపోతే ఇంకెవరో అనుకుంటారు."