పెరిగే మడత

ఆ వీధిలో ఆవిడ అసలు పేరుతో ఎవరికీ పనిలేదు. మడతలమ్మ అంటే చాలు, పాలవాడి దగ్గర్నుంచి పోస్టుమాన్ దాకా ఎవరైనా సరే ఆ కింది గదికి దారి చూపిస్తారు. కిటికీ పక్కన కుట్టు మిషను, మిషను కింద పాత బట్టల మూట, గోడకి మూల విరిగిన అద్దం, అదీ దుకాణం. పాతవి తెచ్చి ఆవిడ ముందు పడేస్తే పిల్లల బట్టలై బయటికొచ్చేవి. నాన్న చొక్కా కొడుక్కి నిక్కరయ్యేది. అత్తగారి దుప్పటి మనవరాలికి గౌనయ్యేది. ఒకాయనైతే, భార్య ఊరెళ్ళింది కదా అని, ఆవిడ ఎవర్నీ ముట్టుకోనివ్వని తన పెళ్ళినాటి కోటు తెచ్చి కవలపిల్లలకి రెండు చలికోట్లు కుట్టించుకుపోయాడు. భార్య తిరిగొచ్చిన రోజు ఆ ఇంట్లో జరిగిన యుద్ధం వీధంతా తలుపులు తెరుచుకుని మరీ విన్నారు.

మడతలమ్మ అన్న పేరు ఊరికే రాలేదు. పిల్లలకి ఏది కుట్టినా పక్కల్లోనూ కింది అంచులోనూ బోలెడంత గుడ్డ లోపలికి మడిచి కుట్టేది. దానికి ఆవిడ పెట్టుకున్న పేరు పెరిగే మడత. "పిల్లల ఒంటికి సరిగ్గా సరిపోయేట్టు కుట్టేవాడు టైలరు కాదు, కసాయి. వాళ్ళు ఇవాళున్నట్టు రేపుంటారేమిటి?" అనేది. పిల్ల పెరిగి గౌను బిగుతవగానే తల్లి తీసుకొచ్చేది. మడతలమ్మ కుట్లు విప్పి, మడత వదిలి, ఇస్త్రీ చేసిచ్చేది. అక్కడితో అయిపోదు. మడత విప్పించుకున్న ప్రతి పిల్లకీ చిరుగు ముక్కలతో ఒక బొమ్మ కుట్టిచ్చేది. కుందేలో, చేపో, తాబేలో, ఏది అడిగితే అది. పెరిగినందుకు బహుమానమన్నమాట. ఆ బొమ్మ కోసం పిల్లలు అన్నం మీద యుద్ధం మానేసి రెండు ముద్దలు ఎక్కువే తినేవారు. ఎదురింటి గడుగ్గాయి ఒకడు చొక్కా లోపల దిండు దోపుకొచ్చి, "బిగుతైపోయింది మామ్మా, మడత విప్పు" అన్నాడు. ఆవిడ వాడి పొట్ట తట్టి చూసి, "ఓరి భడవా, పెరిగింది దిండురా! బొమ్మ దిండుకే ఇస్తాను పో" అంది. వీధంతా చెప్పుకుని నవ్వుకున్నారు. మోసం పట్టుకోవడంలో ఆవిడని మించినవాళ్ళు లేరని అందరూ అనుకున్నారు.

ఆ గదిలో ఆవిడతో పాటు కూతురు, కూతురి కూతురు ఉండేవారు. అల్లుడి ఊసెత్తకపోవడమే మంచిది. ఉన్నాడో లేడో ఆయనకే తెలియాలి. కూతురు అట్టపెట్టెల ఫ్యాక్టరీలో పని. తెల్లారకముందే వెళ్ళి దీపాలు పెట్టాక వచ్చేది. అందుకని పిల్లకి స్నానం, తిండి, జడ, అన్నీ అమ్మమ్మ చేతి మీదే. పిల్లని పిచిక అనేవారు. ఆరేళ్ళది. మాటలు మాత్రం అరవయ్యేళ్ళవి. తాత వదిలిపోయిన నీలం గళ్ళ చొక్కాతో దానికో గౌను కుట్టింది మడతలమ్మ. తాత జేబు అలాగే ఉంచి గుండెల దగ్గర నిలబెట్టింది. పిచిక అందులో పోగేసుకోని వస్తువు లేదు. గుండీలు, దారపు ఉండలు, ఎండిన ఈగ కూడా ఒకటి.

"అమ్మమ్మా, నా మడత విప్పినప్పుడు నాకు ఏనుగు కావాలి" అని పిచిక ముందే చెప్పిపెట్టింది. "తొండంలో దూది గట్టిగా కూరాలి. పక్కింటి అక్క ఏనుగులా వేలాడిపోతే నేను ఒప్పుకోను."

"అలాగే మహారాణీ, ముందు నువ్వు పెరుగు."

పెరగలేదు. తిన్నది ఒంటికి పట్టడం మానేసింది. కడుపునొప్పి, నీరసం, మళ్ళీ కాస్త తెరిపి, మళ్ళీ మొదలు. ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్ని పరీక్షలూ చేసి తల్లినీ అమ్మమ్మనీ కూర్చోబెట్టి చెప్పింది. "ఈ మందు వాడి చూద్దాం. ఒళ్ళు వస్తోందంటే పనిచేస్తున్నట్టు. తగ్గుతోందంటే మాత్రం నేను చెప్పిన తారీకు దాకా ఆగకండి, వెంటనే తీసుకొచ్చెయ్యండి. వేరే వైద్యం ఉంది, కానీ అది చాలా గట్టిది. పిల్లలో ఓపిక ఉండగానే మొదలుపెట్టాలి."

"మా ఇంట్లో తూకం లేదండీ" అంది కూతురు.

"బట్టలున్నాయిగా. బిగుతవుతున్నాయో వదులవుతున్నాయో చూసుకోండి. బట్టలు అబద్ధం చెప్పవు."

మడతలమ్మ తలూపింది. ఆ సంగతి ఆవిడకి ఒకరు చెప్పాలా?

ఇక అక్కడ్నుంచి కూతురికి అదే ధ్యాస. పని నుంచి రాగానే చెప్పులైనా విడవకుండా పిల్ల దగ్గరికొచ్చి నీలం గౌను నడుం దగ్గర రెండు వేళ్ళు దూర్చి చూసేది. వేళ్ళు సులువుగా దూరేవి. మొహం వాడిపోయేది. కంచం ముందు కూర్చుని నాలుగు మెతుకులు కెలికి లేచిపోయేది. "దానికేమన్నా అయితే నేనూ ఉండనమ్మా" అంది ఒక రోజు, మామూలుగా, రేపు సెలవు పెడతాను అన్నంత మామూలుగా. ఒక కంట పిల్లని, ఒక కంట పిల్ల తల్లిని కాపలా కాయాల్సి వచ్చింది పాపం ఆ ముసలిదానికి.

ఆ తరవాత జరిగింది కావాలని చేసింది కాదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి. ఒక ఉదయం స్నానం చేయించి గౌను తొడిగితే అది భుజం మీంచి జారిపోయింది. పిల్ల చలికి వణుకుతోంది. టైలరు చెయ్యి ఊరుకుంటుందా? వదులు గుడ్డ కళ్ళబడితే సరిచెయ్యకుండా ఉండలేని చెయ్యి అది. మిషను ముందు కూర్చుని రెండు పక్కలా చెరో కుట్టు వేసి మళ్ళీ తొడిగింది. చక్కగా అమరింది. అంతే, ఇంకో పనిలో పడి మర్చిపోయింది.

సాయంత్రం కూతురొచ్చి వేళ్ళు దూర్చింది. దూరలేదు. మళ్ళీ ప్రయత్నించింది. దూరలేదు.

"అమ్మా! అమ్మా, ఇలా రా! బిగుతైంది! చూడవే, బిగుతైంది!"

మడతలమ్మ నోరు తెరిచింది. ఈలోపు కూతురు పిల్లని ఎత్తుకుని గదంతా గిరగిరా తిప్పేసింది. ఏడుస్తోంది, నవ్వుతోంది, పిచికని ముద్దులతో ఉక్కిరిబిక్కిరి చేస్తోంది. ఎన్నాళ్ళకో అన్నం అడిగి పెట్టించుకుంది. మారు వడ్డించుకుని తింది. తింటూ తింటూ "మందు పనిచేస్తోందమ్మా" అంది నోటినిండా ముద్దతో. ఆ కంచం ముందు నిలబడి నిజం చెప్పగలిగిన తల్లి ఎవరైనా ఉంటే రమ్మనండి, దండం పెడతాను. మడతలమ్మ చెప్పలేకపోయింది. రేపు చెబుదాం అనుకుంది. తిననీ, ఈ ఒక్క పూటా తిననీ.

రేపు వచ్చింది, వెళ్ళింది. ఇంకో రేపూ అంతే. పిల్ల చిక్కుతోంది, ఆ రెండు వేళ్ళేమో రోజూ దూరి చూస్తున్నాయి. వదులైతే మొన్నటి సంగతేమిటని అడుగుతుంది కదా! ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి రెండో కుట్టు, రెండోదాన్ని నిలబెట్టడానికి మూడోది. నీలం గౌనే కాదు, ఎర్ర గౌను, పూల లంగా, పడుకునే చొక్కా, అన్నీ ఒక్కొక్కటే మిషను కిందికి వచ్చాయి. జీవితమంతా పిల్లలు పెరుగుతారని మడతలు పెట్టిన చెయ్యి ఇప్పుడు తరుగుతున్న పిల్ల వెంట కుట్లు వేసుకుంటూ పోయింది.

పిచిక మంచం మీద పడుకుని అంతా చూసేది.

"నా గౌను చిన్నది చేస్తున్నావేం అమ్మమ్మా?"

"ఇది మనిద్దరి రహస్యమే. అమ్మకి చెప్పకూడదు."

పిచిక తనే అర్థం చెప్పుకుంది. "నాకు తెలుసులే. గౌను బిగుతుగా ఉంటే అమ్మ నవ్వుతుంది. అందుకేగా?"

మడతలమ్మకి దారం సూదిలోకి ఎక్కలేదు. పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ!

మందు వల్లనో ఏమో పిల్ల మొహం కాస్త ఉబ్బి, బుగ్గలొచ్చినట్టు కనిపించేది. ఆ బుగ్గలు చూసుకుని కూతురు మురిసిపోయేది. ఒక్కోసారి మడతలమ్మా మురిసిపోయేది, ఆశ ఎంత సిగ్గులేనిదో చూడండి. స్నానం చేయించేటప్పుడు మాత్రం పక్కటెముకలు చేతికి తగిలేవి. అప్పుడు ఇంక నీళ్ళు పోస్తూ కళ్ళు మూసుకునేది.

డాక్టరమ్మ చెప్పిన తారీకు దగ్గరకొచ్చింది. "వచ్చే నెల వెళ్దాంలేమ్మా" అంది కూతురు. "పిల్ల ఒళ్ళు చేస్తోంది. ఊరికే సూదులు పొడిపించి ఏడిపించడం ఎందుకు?"

"ఓసారి చూపిస్తే పోలా?" అంది మడతలమ్మ.

"నువ్వే కదా రోజూ చూస్తున్నావు. నీకేమన్నా అనుమానంగా ఉందా?"

కూతురు సూటిగానే అడిగింది. ఆ నిమిషం చెప్పి ఉంటే అంతా వేరేగా ఉండేదేమో. మడతలమ్మ కూతురి మొహం చూసింది. ఆ మొహం మీదికి మళ్ళీ రంగు వచ్చింది. దాన్ని తన నోటితో తుడిచెయ్యలేక, "అనుమానమేం లేదులే" అంది.

ఆ నెల గడవకుండానే పిచిక మంచం దిగబోయి కుప్పకూలిపోయింది. కూతురు పిల్లని భుజాన వేసుకుని పరిగెత్తింది, వెనకాల మడతలమ్మ. ఆసుపత్రిలో నర్సు పిల్లని తూకం మీద కూర్చోబెట్టి చూసింది. దింపి మళ్ళీ కూర్చోబెట్టి చూసింది. డాక్టరమ్మ పాత చీటీ తీసి పక్కన పెట్టుకుని, "ఇంత తగ్గిపోయిందే! తగ్గితే వెంటనే రమ్మన్నాను కదమ్మా" అంది.

"తగ్గడమేమిటండీ?" కూతురి గొంతు లేచింది. "మీ మిషను పాడైపోయి ఉంటుంది. ఇది చూడండి!" పిల్ల నడుం దగ్గర గౌను పట్టుకుని వేళ్ళు దూర్చబోయింది. "చూడండి, వేలు పట్టడం లేదు! అన్ని బట్టలూ బిగుతైపోయాయి. బట్టలు అబద్ధం చెప్పవని మీరే కదా అన్నారు!"

తల్లి చేతుల్లో వేలాడుతూ పిచిక అమ్మమ్మ వైపు చూసింది. పెదాల మీద వేలు పెట్టుకుని, కళ్ళతో నవ్వింది. నేను చెప్పలేదుగా అన్నట్టు.

మడతలమ్మ గోడ పట్టుకుని నిలబడింది.

"మిషను సరైనదే తల్లీ" అంది. "గౌనే తప్పు."

పిల్ల గౌను అంచు పైకి తిప్పి లోపలి కుట్లు చూపించింది. ఒకదాని పక్కన ఒకటి, ఒకదాని పక్కన ఒకటి. కూతురు చిన్నప్పుడు తల్లి పక్కన కూర్చుని కుట్లు విప్పిన మనిషే. చూడగానే సంగతంతా చదివేసింది.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మళ్ళీ పరీక్షలు చేసి, బయటికొచ్చి, నిలబడే చెప్పింది. ముందే వచ్చి ఉంటే బతికేదని చెప్పలేను, ప్రయత్నమైతే చేసేవాళ్ళం అంది. ఆ గట్టి వైద్యాన్ని ఇప్పుడు ఈ ఒళ్ళు తట్టుకోలేదంది. ఇంటికి తీసుకెళ్ళమంది. నొప్పి తెలియకుండా ఉండటానికి ఒక సీసా ఇచ్చింది.

దారిలో కూతురు ఒక్కసారే నోరు విప్పింది. "నేను వేళ్ళు పెట్టి చూసి గంతులేస్తుంటే పక్కన నిలబడి ఎలా చూశావమ్మా?"

"ఆ రోజు నువ్వు అన్నం తిన్నావే..." అంది మడతలమ్మ.

ఆ తరవాత ఆ గదిలో మిషను చప్పుడు లేదు. కూతురు ఫ్యాక్టరీకి వెళ్ళడం మానేసింది. తల్లితో మాట్లాడటం మానేసింది. పిల్ల పనులన్నీ తన చేతుల్లోకి తీసేసుకుంది. మొదటిసారి తను స్నానం చేయించిన రోజు బకెట్టు దగ్గర చాలాసేపు నీళ్ళ చప్పుడే వినబడలేదు. మడతలమ్మ కిటికీ దగ్గర ఖాళీ చేతులతో కూర్చుని ఉంది. మడత విప్పించుకోవడానికి ఎవరో పిల్లని తీసుకొస్తే, "మిషను బాగాలేదమ్మా" అని పంపేసింది. వీధికి సంగతి తెలిసిపోయింది. ఆవిడని ఎవరూ ఏమీ అనలేదు, అలాగని ఎవరూ ఓదార్చనూ లేదు.

ఆ మొదటి స్నానం రోజే కూతురు పిల్లకి నీళ్ళు పోసి బయటికొచ్చి, తడి చేతులతోనే నీలం గౌను తెచ్చి మిషను మీద పడేసింది.

"విప్పెయ్. నువ్వు వేసినవన్నీ విప్పెయ్. దాని ఒంటికి ఒరుసుకుపోతున్నాయి."

మడతలమ్మ బ్లేడు తీసుకుంది. కుట్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి, కళ్ళు సరిగ్గా కనబడటం లేదు. ఒక్కొక్కటే తెంపుతూ, తెగిన దారాలు ఒళ్ళో రాల్చుకుంటూ విప్పుకుంటూ పోయింది. ముందు తను వేసిన కుట్లు విడిపోయాయి. చెయ్యి ఆగలేదు, మొదట్లో పెట్టిన పెరిగే మడత కూడా విడిపోయింది. తాత చొక్కా వెడల్పంతా బయటికొచ్చింది. ఇస్త్రీ చేసి ఇచ్చింది. కూతురు పిల్లకి తొడిగింది. గౌనులో పిచిక ఎక్కడుందో వెతుక్కోవాల్సినట్టుంది.

పిచిక చేతులు చాచి చూసుకుంది. పక్కలు పట్టుకుని లాగి చూసుకుంది. ఆ పిల్లకి వీధిలో ఉన్న నియమం ఒక్కటే తెలుసు.

"అమ్మమ్మా, మడత విప్పేశావు కదా!" గొంతు సన్నగా ఉంది కానీ దబాయింపు దబాయింపే. "నేను పెరిగానన్నమాట. మరి నా ఏనుగేదీ?"

మడతలమ్మ తల ఎత్తలేదు. ఒళ్ళో దారాలు అలాగే పట్టుకుని కూర్చుంది. కూతురు పిల్లని చూసింది, తరవాత తల్లిని చూసింది. ఆసుపత్రి నుంచి వచ్చాక తల్లి మొహం చూడటం అదే మొదలు.

"కుట్టు అమ్మా" అంది. "ఇవాళే కుట్టెయ్."